కంచె లేని అభయారణ్యం

బీహారులోని భాగల్పూరు దగ్గర గంగానది వెంబడి రెండు శరణాలయాలున్నాయి. ఒకదానిని ప్రభుత్వం ప్రకటించింది. రెండవదానిని గ్రామస్థులే నిలబెట్టుకొన్నారు. రెండింటికీ ఆధారం నది ఒడ్డున బ్రతికే సామాన్యులే.

మాఘమాసపు ఉదయం. గంగమీద మంచు ఇంకా విడలేదు. భాగల్పూరు రేవు నుంచి ఒక నాటుపడవ ప్రవాహం వెంట మెల్లగా దిగువకు సాగుతున్నది. పడవలో ఎవరూ మాట్లాడుకోవడం లేదు. ఇద్దరు ముందువైపు, ఒకరు వెనుకవైపు కూర్చుని నీటినే చూస్తున్నారు. ఒకరి ఒళ్ళో కాగితాలు, పెన్సిలు ఉన్నాయి. అందరికంటె ముందుగా చేయి చాచి చూపించేది చుక్కాని పట్టిన జాలరి. ఆ వైపు నీరు విచ్చుకుంటుంది. బూడిదరంగు వీపు, సన్నని పొడవాటి ముక్కు క్షణకాలం కనిపిస్తాయి. బలంగా విడిచిన ఊపిరి చప్పుడు వినిపిస్తుంది. ఆ తరువాత మళ్ళీ అంతా నీరే. కాగితంమీద ఒక గీత పడుతుంది.

గంగా డాల్ఫిన్లను లెక్కించే పద్ధతి ఇది. ఆ జంతువు ఊపిరి కోసం పైకి వచ్చి నీటిపైన ఉండేది సుమారు ఒక సెకను మాత్రమే. రెప్పపాటులో లెక్క తప్పుతుంది. అందువల్ల ఒకే పడవమీద ఇద్దరు, ముగ్గురు విడివిడిగా చూసి, తరువాత తమ లెక్కలను సరిపోల్చుకుంటారు. ఒకరికి కనిపించి మరొకరికి కనిపించనివి ఎన్నో తేలితే, ఎవరికీ కనిపించకుండా పోయినవి ఎన్ని ఉండవచ్చునో గణితం చెబుతుంది. నీరు తగ్గి, జంతువులు లోతైన మడుగులలోకి చేరే వేసవి ముందరి కాలమే ఇందుకు అనువైనది.

ఇటువంటి పడవలలో అటవీశాఖ ఉద్యోగులుంటారు, విశ్వవిద్యాలయ విద్యార్థులుంటారు. కాని ఏ మలుపులో మడుగు ఉన్నదో, నిరుడు ఇసుకమేట వేసిన చోట ఈ ఏడాది నీరు ఎంత లోతున్నదో తెలిసినవారు ఆ ఒడ్డున పుట్టి పెరిగిన జాలరులు. వారి సాయం లేకుండా లెక్క జరగదు. లెక్కే కాదు, రక్షణ కూడా జరగదని భాగల్పూరు అనుభవం చెబుతున్నది.

గోడలు కట్టలేని చోటు

1991 ఆగస్టులో బీహారు ప్రభుత్వం సుల్తాన్‌గంజ్ నుంచి కహల్‌గావ్ వరకు సుమారు 60 కిలోమీటర్ల గంగాప్రవాహాన్ని డాల్ఫిన్ల అభయారణ్యంగా ప్రకటించింది. సుల్తాన్‌గంజ్ వద్ద గంగ ఉత్తర దిశకు మళ్ళుతుంది. శ్రావణమాసంలో లక్షలాది యాత్రికులు అక్కడి ఉత్తరవాహిని నీటిని కావడిలో పట్టుకొని, దేవఘర్ వైద్యనాథుని అభిషేకానికి కాలినడకన వెళ్తారు. దిగువనున్న కహల్‌గావ్ వద్ద నదిమధ్యలో రాతికొండలు నిలిచి ఉంటాయి. ఆ ఊరికి సమీపంలోనే పాలరాజుల కాలపు విక్రమశిల విశ్వవిద్యాలయ శిథిలాలున్నాయి. ఆ పేరే అభయారణ్యానికి పెట్టారు.

అడవి అయితే చుట్టూ కందకం త్రవ్వవచ్చు, దారులమీద కాపలా గదులు కట్టవచ్చు. నదిని అలా కాపాడడం సాధ్యం కాదు. ఈ ఉదయం ఇక్కడున్న నీరు కొద్ది రోజుల క్రితం కాన్పూరులోనో, పాట్నాలోనో ఉన్నది. రేపు బెంగాలు చేరుతుంది. ప్రతి వర్షాకాలమూ నది తన గట్టును తానే కోసుకొని, నిరుటి లంకను ముంచి, మరొకచోట కొత్త లంకను లేపుతుంది. ఇదే నీటిలో ఊళ్ళు స్నానం చేస్తాయి, నగరాల మురుగు కలుస్తుంది, పడవలు తిరుగుతాయి, వేలాది కుటుంబాలు వలలు వేస్తాయి. ఇటువంటి చోట కొద్దిమంది అటవీ సిబ్బంది ఎంత దూరం కావలి కాయగలరు?

చూపు లేని జలచరం

గంగా డాల్ఫిన్‌ను ఉత్తరాది జాలరులు సోంస్ అంటారు. దాని నిశ్వాసపు శబ్దమే దానికి పేరయిందని చెబుతారు. కంటిలో కటకం లేనందువల్ల వెలుతురు, చీకటి మాత్రమే తెలుసుకోగలదు. బురదనీటిలో చూపు ఉన్నా ప్రయోజనం తక్కువే. అది ఎడతెగకుండా సన్నని చిటికెల వంటి ధ్వనులు చేస్తూ, వాటి ప్రతిధ్వనులను బట్టి చేపనూ, ఇసుకతిన్నెనూ, పడవనూ పసిగడుతుంది. తరచు ఒక ప్రక్కకు ఒరిగి ఈదుతుంది. ఆడది మగదానికంటె పెద్దది, రెండున్నర మీటర్ల వరకు పెరుగుతుంది. రెండు మూడేళ్ళకొకసారి ఒకే పిల్లను కంటుంది. అందువల్ల ఒక తల్లి చనిపోతే ఆ లోటు తీరడానికి ఏళ్ళు పడుతుంది.

ఈ జంతువుతో భారతీయుల పరిచయం ప్రాచీనమైనది. అశోకుని ఐదవ స్తంభశాసనంలో చంపరాని ప్రాణుల పట్టిక ఉన్నది. అందులోని ‘గంగాపుపుటక’ ఈ డాల్ఫినేనని పలువురు పండితుల అభిప్రాయం. 1801లో దీనిని శాస్త్రలోకానికి వర్ణించి చెప్పినవాడు విలియం రాక్స్‌బర్గ్. కలకత్తా వృక్షోద్యానానికి వెళ్ళకముందు ఆయన గోదావరి జిల్లాలోని సామర్లకోటలో ఏళ్ళ తరబడి పనిచేసి, కోరమాండల్ తీరపు మొక్కలపై తన బృహద్గ్రంథానికి అక్కడే పునాది వేసుకొన్నాడు.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం డాల్ఫిన్‌ను పులితో సమానంగా మొదటి షెడ్యూలులో చేర్చింది. 2009 అక్టోబరు 5న కేంద్రప్రభుత్వం దీనిని జాతీయ జలచరంగా నిర్ణయించింది. అయితే చట్టం ఎంత గట్టిదైనా, నదిమీద దానికి ఎదురైన మొదటి ప్రశ్న జంతువును గురించినది కాదు. ఈ నీరు ఎవరిది అన్నదే ఆ ప్రశ్న.

నీటికి జమీందారులు

భూమికి జమీందారులుండేవారని అందరికీ తెలుసు. నీటికి కూడా ఉండేవారని చాలామందికి తెలియదు. భాగల్పూరు ప్రాంతంలో సుల్తాన్‌గంజ్ నుంచి పీర్‌పైంతి వరకు సుమారు 80 కిలోమీటర్ల గంగమీద చేపల హక్కు తమదేనని రెండు జమీందారీ కుటుంబాలు అనుభవించేవి. ‘పానీదారీ’ అని పేరుపడిన ఆ హక్కు మొగలాయీల కాలం నుంచి వస్తున్నదని వారి వాదన. దేశం స్వతంత్రమై, భూమిమీది జమీందారీలు రద్దయిన తరువాత కూడా నీటిమీది జమీందారీ దశాబ్దాలపాటు నిలిచింది. వల వేయాలంటే జాలరి కప్పం కట్టవలసిందే. కట్టలేనివాని వల, పడవ, ఒక్కొక్కసారి ఒళ్ళు కూడా దక్కేవి కావు.

1982లో కహల్‌గావ్ జాలరి పేటలో ‘గంగాముక్తి ఆందోళన’ ఆరంభమైంది. జయప్రకాశ్ నారాయణ్ స్థాపించిన ఛాత్ర యువ సంఘర్ష వాహినికి చెందిన యువకులు జాలరులతో కలిసి దానిని నడిపారు. కప్పం కట్టబోమని జాలరులు నిరాకరించారు. పడవల యాత్రలు జరిగాయి, స్త్రీలు ముందుకు వచ్చారు. అహింసను వీడలేదు. దాదాపు ఒక దశాబ్దం గడిచాక, 1991లో బీహారు ప్రభుత్వం గంగమీద పానీదారీకి స్వస్తి చెప్పి, సంప్రదాయ జాలరులు పన్ను లేకుండా చేపలు పట్టుకోవచ్చునని ప్రకటించింది.

అదే ఏడాది, అదే నీటిలో అభయారణ్యం వెలిసింది.

జాలరి మనసులో కలిగిన అనుమానాన్ని ఊహించడం కష్టం కాదు. ఒక యజమాని పోయాడనుకుంటుండగానే మరొక యజమాని వచ్చాడా? నిన్నటిదాకా జమీందారు గుమాస్తా వల లాక్కున్నాడు. రేపటినుంచి అటవీ అధికారి లాక్కుంటాడా? ఈ సంశయం తీరకపోతే డాల్ఫిన్‌కు ఆ ఒడ్డున మిత్రుడు దొరకడు. భాగల్పూరులో స్వచ్ఛంద సేవ ఈ సంశయం నడుమనే మొదలైంది.

వలలో పడినప్పుడు

తిల్కా మాంఝీ భాగల్పూరు విశ్వవిద్యాలయంలో వృక్షశాస్త్ర ఆచార్యుడు సునీల్ కుమార్ చౌదరి నాయకత్వాన విక్రమశిల జీవవైవిధ్య పరిశోధన, విద్యా కేంద్రం ఏర్పడింది. అందులోని అధ్యాపకులు, విద్యార్థులు ఏటేటా పడవలెక్కి డాల్ఫిన్లను లెక్కించారు. దానితోపాటు వారు మరొక పని కూడా చేశారు. జాలరుల బుట్టలలోని చేపలను కూడా కొలిచారు. ఏ వలలో ఎంత చేప పడుతున్నదో, డాల్ఫిన్ ఏ పరిమాణపు చేపను తింటున్నదో పోల్చి చూశారు.

ఆ పరిశీలనలో తేలినది సామాన్య జాలరికి వెంటనే అర్థమయ్యే విషయం. డాల్ఫిన్ తినేది ఎక్కువగా చిన్నచేపలు. పెద్దచేపలు తరిగిపోయిన నదిలో జాలరి బ్రతుకు కూడా చిన్నచేపల మీదికే దిగింది. ఇద్దరి కంచమూ ఒకటే. కాని ఆ కంచాన్ని ఖాళీ చేస్తున్నది డాల్ఫిన్ కాదు. దోమతెర వంటి సన్నకంటి వలలతో చేపగుడ్డుతో సహా ఊడ్చుకుపోయేవారు, నీటిలో విషం కలిపేవారు, పానీదారీ పోయిన తరువాత ఆయుధాలు చూపించి మడుగులను ఆక్రమించినవారు అసలు శత్రువులు. 1975లో ఫరక్కా వద్ద బ్యారేజీ పనిచేయనారంభించినప్పటినుంచి సముద్రం నుంచి ఎదురెక్కి వచ్చే పులసచేప దారి మూసుకుపోవడం కూడా ఈ కొరతకు ఒక కారణం. గోదావరి జిల్లాలవారు పులస అని మురిసిపోయే ఆ చేపనే గంగ ఒడ్డున హిల్సా అంటారు. ఒకప్పుడది బీహారు దాటి ఎగువకు కూడా వెళ్ళేది.

ఈ విధంగా డాల్ఫిన్ కోసం వచ్చిన విద్యావంతులు జాలరి పక్షాన కూడా మాట్లాడవలసి వచ్చింది. సన్నకంటి వలలను ఆపితే చేప పెరుగుతుంది. చేప పెరిగితే డాల్ఫిన్‌కూ మేలే, జాలరికీ మేలే. ఈ మాట జాలరి పేటలలో చెల్లుబాటైంది.

మరొక చిక్కు నూనెది. డాల్ఫిన్ కొవ్వునూనె వాసనకు కొన్ని జాతుల చేపలు ముసురుకుంటాయి. నూనె తడిపిన ఎరను నీటిలో ఈడ్చి, చేరిన చేపలను సులభంగా పట్టవచ్చు. ఇందుకోసం డాల్ఫిన్లను చంపినవారున్నారు, చచ్చినవాటిని రహస్యంగా కొన్నవారున్నారు. చంపరాదని బోధిస్తే సరిపోదు. వారికి మరొక నూనె చూపించాలి. పాట్నా విశ్వవిద్యాలయ ఆచార్యుడు రవీంద్ర కుమార్ సిన్హా ఆ పనికి పూనుకొన్నాడు. అంగడిలో పారవేసే చేపల పేగులు, వ్యర్థాలనుంచి తీసిన చవకనూనె కూడా అంతే చక్కగా పనిచేస్తుందని జాలరులతో కలిసి ప్రయోగాలు చేసి నిరూపించాడు. డాల్ఫిన్లకు జీవితకాలం అంకితం చేసిన ఆ శాస్త్రజ్ఞునికి 2016లో పద్మశ్రీ లభించింది.

అన్నిటికంటె కష్టమైనది నిజాయితీ పరీక్ష. రాత్రి వేసిన సన్నని నైలాను వలలో డాల్ఫిన్ చిక్కుకుంటుంది. పైకి రాలేక ఊపిరాడక చనిపోతుంది. తెల్లవారి వల లాగిన జాలరి తానేమీ చంపలేదు. కాని మొదటి షెడ్యూలు జంతువు విషయంలో శిక్ష మూడు నుంచి ఏడేళ్ళ జైలు. చెబితే కేసు అవుతుందేమోనని భయం; కళేబరానికి రాయి కట్టి ముంచితే ఎవరికీ తెలియదు. అలా ముంచినప్పుడల్లా ఒక మరణం లెక్కనుంచి తప్పిపోతుంది, ఆ ప్రమాదం ఎక్కడ, ఏ వలవల్ల జరిగిందో తెలియకుండా పోతుంది.

ఇక్కడే పొరుగువాని అవసరం. ఊళ్ళో పుట్టినవాడు, తానూ వల వేసేవాడు వచ్చి, ‘కబురు చెప్పు, నీ వెంట నేనుంటాను’ అంటే ఆ మాటకు విలువ వేరు. అందుకే బీహారులో జాలరులనుంచే ‘డాల్ఫిన్ మిత్ర’లను ఎంచుకొన్నారు. తరువాత గంగ శుద్ధి పథకంలో భాగంగా, భారత వన్యప్రాణి సంస్థ నది పొడవునా ‘గంగాప్రహరీ’ల దళాలను తయారుచేసింది. విద్యార్థులు, రైతులు, జాలరులు, గృహిణులు వీటిలో ఉన్నారు. బ్రతికి ఉన్న డాల్ఫిన్ వలలో పడితే ఊపిరితిత్తులు నొక్కుకుపోకుండా ఎలా పట్టుకోవాలి, ఊపిరిరంధ్రంలోకి నీరు పోకుండా ఎలా చూడాలి, ఒంటిని తడిగా ఎలా ఉంచాలి, వలను విప్పడంకంటె కోయడమే ఎప్పుడు మంచిది — ఇటువంటి విషయాలు వారికి నేర్పుతారు. వల కోస్తే నష్టం జాలరిది. ఆ నష్టాన్ని ఒప్పుకొని వలకు కత్తి పెట్టినవాని సేవను ఏ లెక్కలో వ్రాయాలి?

ఇంకొక సంగతి మరువరాదు. నగరంలో ఉద్యోగం చేసుకొనేవాడు సెలవు రోజున సేవ చేస్తే అతని జీతం తగ్గదు. జాలరి ఒక పూట లెక్కింపు పడవలో కూర్చుంటే ఆ పూట వేట పోయినట్లే. ఎక్కడ అతనికి కొద్దిపాటి భత్యమైనా ముట్టిందో అక్కడ పని నిలిచింది. ఉత్సాహంమీదనే ఆధారపడిన చోట కొద్దికాలానికి మందగించింది.

లంకలోని గరుడులు

భాగల్పూరు వద్ద గంగ దాటి ఉత్తరానికి వెళ్తే నౌగచియా ప్రాంతం వస్తుంది. గంగకు, కోసీనదికి నడుమనున్న పల్లపు భూములివి. గోదావరివాసులు లంకలనే ఇటువంటి భూములను అక్కడ దియారా అంటారు. ఏటా వరద వస్తుంది, ఒండ్రు వేసి పోతుంది. కద్వా దియారాలో 2006లో భాగల్పూరు ‘మందార్ నేచర్ క్లబ్’ సభ్యులకు ఒక వింత కనబడింది. ప్రపంచంలో అరుదైపోయిన పెద్దజాతి గరుడకొంగలు ఊరిమధ్యనున్న బూరుగు, కదంబ, రావిచెట్లమీద చేరి ఉన్నాయి.

తెలుగువారు గరుడపక్షి అనగానే తలచుకొనే తెల్లతల గద్ద కాదు ఇది. నిలబడితే సుమారు ఐదడుగుల ఎత్తు ఉండే కొంగ. బోడితల, బలమైన ముక్కు, మెడక్రింద వ్రేలాడే సంచి — అందమైన పక్షి అని ఎవరూ అనరు. కళేబరాలు, చేపలు, పాములు, ఎలుకలు దీని ఆహారం. పందొమ్మిదవ శతాబ్దిలో కలకత్తా వీధులలో చెత్త తిని శుభ్రంచేసేవి ఇవే. నగరపాలక సంస్థ పాత చిహ్నంమీద కూడా ఈ పక్షుల బొమ్మే ఉండేది. ఆ తరువాత చిత్తడి నేలలు ఎండి, పెద్దచెట్లు కూలి, ఇవి అంతరించే దశకు వచ్చాయి. అస్సాం, కంబోడియాలు కాక ఇవి గూళ్ళు కట్టే ప్రదేశం ప్రపంచంలో మరొకటి ఉన్నదని కద్వా తెలియజేసింది.

క్లబ్బు సభ్యుడు అరవింద్ మిశ్రా, ఆయన సహచరులు గ్రామాలకు వెళ్ళి చెప్పిన మాట సులభమైనది. ఈ పక్షి మీరు పూజించే విష్ణువాహనం గరుత్మంతుని పేరు కలది. ప్రపంచంలో మరెక్కడో తప్ప లేదు. మీ ఊరిని నమ్ముకొని వచ్చింది. గ్రామస్థులు ఆ మాటను మనసుకు పట్టించుకొన్నారు. గూడు ఉన్న చెట్టును కొట్టరాదని కట్టుబాటు చేసుకొన్నారు. వేటకు వచ్చినవారిని ఊరిలోనికి రానివ్వలేదు. గాలివానకు గూటినుంచి పిల్ల జారిపడితే చనిపోకుండా చెట్లక్రింద వలలు కట్టారు. చేపను పట్టే వల పక్షిని నిలబెట్టింది. దెబ్బతిన్న పిల్లలకు చికిత్స చేయడానికి భాగల్పూరులోని సుందర్‌వన్‌లో అటవీశాఖ కేంద్రాన్ని నెలకొల్పింది. పిల్ల పడిపోయిందన్న కబురు ఊరిలో ఎవరో ఒకరు చెబితేనే ఆ వైద్యం అందుతుంది.

2007లో కద్వాలో లెక్కకు వచ్చినవి 78 పక్షులు. ఒకటిన్నర దశాబ్దం తిరిగేసరికి వాటి సంఖ్య 600 దాటింది. ఆ చెట్లలో అనేకం గ్రామస్థుల పెరళ్ళలో, గుడి ఆవరణలలో ఉన్నవే. అక్కడ కంచె లేదు.

బ్రహ్మపుత్రలోయలో కూడా ఇదే పక్షికి స్త్రీలు అండగా నిలిచారు. అక్కడ దీనిని హర్గిలా, అంటే ఎముకలు మింగేది, అంటారు. దుర్వాసన, అపశకునమని గూళ్ళున్న చెట్లను నరికేవారు. 2007లో కామరూప్ జిల్లా దాదరా గ్రామంలో పిల్లలతో సహా ఒక చెట్టు కూలడం చూసిన పరిశోధకురాలు పూర్ణిమా దేవి బర్మన్, చదువును ప్రక్కన పెట్టి ఊరి స్త్రీలను కలుసుకొన్నారు. గూళ్ళలో పిల్లలు పొదిగే కాలంలో పేరంటం వంటి వేడుకలు జరిపారు. మగ్గాలమీద నేసే చీరలలో, గుడ్డలలో పక్షి బొమ్మను ఎక్కించారు. నేడు ‘హర్గిలా సేన’లో పదివేలకు పైగా స్త్రీలున్నారు. 2022లో ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం ఆమెను ‘చాంపియన్ ఆఫ్ ది ఎర్త్’ పురస్కారంతో గౌరవించింది. 2023లో అంతర్జాతీయ పట్టికలో ఈ పక్షి స్థితి ‘ప్రమాదంలో ఉన్నది’ అనే వర్గం నుంచి ‘ప్రమాదానికి దగ్గరగా ఉన్నది’ అనే వర్గానికి మారింది.

ఇది తెలుగువారికి కొత్త సంప్రదాయం కాదు. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు ఊరి చింతచెట్లమీద పిల్లలను పెంచుకుంటాయి. వాటి రాకను శుభంగా భావించి ఆ ఊరివారు తరాలుగా కాపాడుకుంటున్నారు.

తేలిన లెక్క, తేలని ప్రశ్న

2020 ఆగస్టు 15న కేంద్రప్రభుత్వం డాల్ఫిన్ల పథకాన్ని ప్రకటించింది. ఆ తరువాత దేశంలో మొదటిసారిగా నది డాల్ఫిన్లన్నిటినీ లెక్కించారు. 2021 నుంచి 2023 వరకు 8 రాష్ట్రాలలో, 28 నదులలో, 8,500 కిలోమీటర్లకు పైగా పడవలు తిరిగాయి. 2025 మార్చిలో వెలువడిన ఫలితం ప్రకారం మొత్తం 6,327 డాల్ఫిన్లున్నాయి. వీటిలో 2,397 ఉత్తరప్రదేశ్‌లోనివి, 2,220 బీహారులోనివి. పంజాబులోని బియాస్ నదిలో ఉన్న సింధు డాల్ఫిన్లు మూడే మూడు.

ఈ అంకెలు ధైర్యమిచ్చేవే. కాని నదిమీద కొత్త ఒత్తిళ్ళు వచ్చాయి. హల్దియా నుంచి ప్రయాగ వరకు 1,620 కిలోమీటర్ల గంగ 1986లోనే ఒకటవ జాతీయ జలమార్గమైంది. పెద్ద ఓడలు నడవాలంటే నది అడుగు త్రవ్వాలి. త్రవ్వకపు రొద, ఓడ చక్రాల రొద డాల్ఫిన్ చెవినే కాదు, దాని చూపును కూడా మూస్తుంది. ఎందుకంటే దానికి శబ్దమే చూపు. నీటి లోతు తక్కువగా ఉన్న కాలంలో ఈ రొదవల్ల అది మరింత శ్రమపడవలసి వస్తుందని 2019లో వెలువడిన ఒక పరిశోధన తేల్చింది. వేసవిలో కాలువలకు నీరు మళ్ళినకొద్దీ లోతు తగ్గుతున్నది. వీటిని ఏ గ్రామ దళమూ ఆపలేదు. కాని అది ఎక్కడ జరుగుతున్నదో, ఏ మడుగు ఖాళీ అయిందో అందరికంటె ముందు గమనించి చెప్పగలిగినది అదే.

అందువల్లనే అసలు ఆందోళన మరొకచోట ఉన్నది. గంగలో చేప తగ్గినకొద్దీ జాలరి కొడుకులు వల వదిలి ఢిల్లీకో, పంజాబుకో కూలికి వెళ్తున్నారు. మల్లాహ్, నిషాద్ కుటుంబాలలో మడుగుల పేర్లు, ఇసుకమేటల జాడలు, సోంస్ ఊపిరిని బట్టి తల్లి ఏదో పిల్ల ఏదో పోల్చే నేర్పు తాతలనుంచి మనుమలకు వచ్చేవి. వలతోపాటు ఆ విద్య కూడా పోతే, రేపు లెక్కింపు పడవకు చుక్కాని పట్టి, అదిగో అని చేయి చాపేవాడు ఉండడు. డాల్ఫిన్‌ను కాపాడాలంటే నదిలో చేప ఉండాలి, చేప ఉండాలంటే నీరుండాలి, వీటన్నిటినీ చూస్తూ ఒడ్డున ఒక జాలరి కుటుంబం గౌరవంగా బ్రతకగలగాలి. నలభై ఏళ్ళ క్రితం కహల్‌గావ్‌లో కప్పం కట్టబోమన్నవారు అడిగినది కూడా ఈ గౌరవాన్నే.

సాయంకాలానికి లెక్కింపు పడవ కహల్‌గావ్ కొండల దగ్గరకు చేరుకుంటుంది. కాగితాలు మడిచి సంచిలో పెట్టుకొని విద్యార్థులు గట్టెక్కుతారు. జాలరి తన పడవను కట్టివేయడు. పగలంతా వేట పోయింది. ఇప్పుడు వల వేసుకోవాలి. కొంతదూరం పోయి, చప్పుడు కాకుండా తెడ్డు ఆపి, చీకట్లో చెవి ఒగ్గి వింటాడు. సోంస్ ఊపిరి వినిపించిన వైపు విడిచిపెట్టి, రెండవవైపు వల దించుతాడు.